పదకొండు పలకలు

కనకమహాలక్ష్మి ఇరవై రెండేళ్లుగా ఒకే మనిషి మీద పళ్లు నూరుతోంది. ఆ మనిషి పేరు విశ్వపతిరావు. ఒకప్పుడు విశాఖ రేవు పక్కన ఓడలు కట్టే యార్డులో క్రేన్లను తనిఖీ చేసే ఇంజనీరు. రిటైరయ్యాక ఊరుకున్నాడా అంటే అదీ లేదు. క్రేన్ల భద్రత మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, శాలువాలు కప్పించుకున్నాడు. వచ్చే నెల ఒక శిక్షణ కేంద్రానికి ఆయన పేరు పెట్టబోతున్నారట. ఆ వార్త పేపర్లో చూసిన రోజు కనకం అన్నం ముట్టలేదు. కోపంతోనే కడుపు నిండిపోయింది.

అప్పట్లో ఆ యార్డులో నలభై టన్నుల క్రేను కొక్కెం ఒకటి విరిగి, కింద పనిచేస్తున్న నలుగురు అక్కడికక్కడే పోయారు. ఆ క్రేను నడిపింది కనకం తండ్రి నూకరాజు. కుదుపుకు ఆయన మోకాలు చితికింది. విశ్వపతిరావు వచ్చి చూసి, ఆపరేటరు ఆ రోజు పరిమితికి మించిన బరువు ఎత్తాడని రిపోర్టు రాశాడు. అంతే. ఉద్యోగం పోయింది, రెండేళ్లు జైలు పడింది. బయటికొచ్చాక వీధిలో ఆయన్ని 'నలుగుర్ని మింగినోడు' అన్నారు. బళ్లో కనకం పక్కన కూర్చోవడానికి ఒక్క పిల్ల ఒప్పుకోలేదు. ప్రమాదం జరిగినప్పుడు దానికి పదకొండేళ్లు.

ఆ పిల్ల పంతం పట్టి లోహాల చదువు చదివింది. తోటివాళ్లు ఉద్యోగం కోసం చదివితే ఈవిడ పగ కోసం చదివింది. పగ కోసం చదివేవాళ్లకు మార్కులు బాగానే వస్తాయి. డాక్టరేటు వచ్చింది, సొంత ప్రయోగశాల వచ్చింది. పెళ్లి మాటెత్తిన వాళ్లకు మాత్రం, నాకు వేరే పని ఉంది అని చెప్పి పంపేసింది. ఆ పని ఐదేళ్లు పట్టింది.

ఆ ఐదేళ్లలో తయారైన యంత్రానికి కాగితాల్లో పెద్ద పేరే ఉంది గాని, ప్రయోగశాలలో అందరూ దాన్ని సోదమ్మ అంటారు. సోది చెప్పే ఆవిడ చెయ్యి పట్టుకుని గడిచిపోయిందంతా చెప్పినట్టు, ఇది ఇనుప ముక్కను పట్టుకుని, అది పుట్టినప్పటి నుంచి ఎప్పుడెప్పుడు ఎంతెంత బరువు మోసిందో చెబుతుంది. బరువు పడ్డ ప్రతిసారీ ఇనుము కొంచెం సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. ముడుచుకున్నా లోపల ఒక మచ్చ మిగిలిపోతుంది. సోదమ్మ ఆ మచ్చలున్న పొరను వెంట్రుకలో వెయ్యోవంతు చొప్పున గీకి చదువుతుంది. చదివిన పొర దుమ్మైపోతుంది కాబట్టి ఏ ముక్కనైనా ఒక్కసారే చదవగలం. కొత్త మచ్చలు పైన, పాతవి అడుగున ఉంటాయి. అందుకని కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది.

యంత్రం చేతికి రాగానే కనకం కోర్టుకెక్కి, ఆ పాత కేసు తిరగదోడించింది. ఆపరేటరు కూతురే పరీక్ష చేయడమేమిటని ఎదుటి వకీలు అడ్డుపడ్డాడు. ఆ యంత్రం నడపడం దేశంలో ఇంకెవరికీ రాదు కాబట్టి, ఇరుపక్షాల ఎదుట చదివి చూపించమని ఆదేశమొచ్చింది. ఇన్నేళ్లూ కోర్టు గోదాములో సీలు వేసి పడి ఉన్న కొక్కెం ముక్క ప్రయోగశాలకు చేరింది.

దాన్ని చదివే ముందురోజు సాయంత్రం కనకం తండ్రికి కాఫీ ఇస్తూ చెప్పింది.

"రేపటితో నీ మీద మచ్చ పోతుంది నాన్నా."

నూకరాజు కాఫీ తాగకుండా గ్లాసు కింద పెట్టాడు. "మచ్చుంటే ఉండనీ. దాన్తో మడిసి సచ్చిపోడు. ఆ ముక్కనొగ్గీయే అమ్మీ."

"ఎందుకు వదిలేయాలి? నువ్వు ఎక్కువ బరువెత్తలేదని నువ్వే చెప్పావు కదా."

"ఆ రోజు ఎత్తనేదు. ఆ మాట నీకు సెప్పినాను, సాలదేటి? ఊరందరికీ సెప్పాలా?"

"ఊరందరికీ చెప్పాలి. ముందు ఆ విశ్వపతిరావుకు చెప్పాలి. తర్వాత అసిరమ్మ అత్తకు చెప్పాలి."

అసిరమ్మ పేరు వినగానే నూకరాజు లేచి లోపలికి పోయాడు. చచ్చిపోయిన నలుగురిలో దాలయ్య ఒకడు. క్రేను కింద బరువులకు గొలుసులు కట్టే మనిషి, నూకరాజుకు ప్రాణస్నేహితుడు. అసిరమ్మ అతని భార్య. రెండు వీధుల అవతలే ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. దాలయ్యను కాటికి తీసుకెళ్లిన రోజు నూకరాజు గుమ్మంలో దోసెడు మన్ను పోసి, వంశం నాశనమైపోవాలని తిట్టి వెళ్లింది. ఆ తర్వాత ఈ ఇంటివైపు తలెత్తి చూడలేదు. ఆవిడ చేత ఆ మాట వెనక్కి తీయించాలన్నది కనకం పట్టుదల. సాక్షుల జాబితాలో ఆవిడ పేరు కావాలనే రాయించింది.

మర్నాడు పొద్దున్నే అందరూ ప్రయోగశాలలో కూర్చున్నారు. విశ్వపతిరావు ఇస్త్రీ చొక్కాలో, చేతికర్రతో, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. అసిరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. కోర్టు పంపిన గుమస్తా ఒకాయన మూల కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు. యంత్రం దగ్గర కనకం సహాయకురాలు రమీజా ఉంది. నాలుగేళ్లుగా సోదమ్మతో వేగుతున్న మనిషి.

"ఇదేటి సేస్తాదో నాకు తెలిసేలా సెప్పండి," అంది అసిరమ్మ గుమస్తాతో. ఆయనకు తెలిస్తే కదా. కనకమే దగ్గరికొచ్చి ఆవిడ కొప్పులో పిన్ను ఒకటి అడిగి తీసుకుంది.

"ఇదిగో అత్తా, కొంచెం వంచి వదిలేశాను. మళ్లీ మామూలైపోయింది కదా. ఇప్పుడు ఇంకాస్త వంచుతాను. చూడు, తిరిగి రాలేదు. ప్రతి ఇనుముకూ ఇలాంటి హద్దు ఒకటి ఉంటుంది. దానికి ఇవతల ఎంత బరువైనా ఓర్చుకుంటుంది. దాటితే లోపల చీలిక మొదలవుతుంది, పైకి మాత్రం తెలియదు. ఆ తర్వాత చిన్న చిన్న బరువులకే ఆ చీలిక పెరుగుతూ పోతుంది. ఏదో ఒక రోజు పుటుక్కుమంటుంది."

"నా పిన్ను పాడు సేసినావు," అంది అసిరమ్మ. తీసుకుని వంకరగానే కొప్పులో పెట్టుకుంది.

సోదమ్మ చదవడం మొదలుపెట్టింది. తెర మీద సన్నని గీతలు వరసగా వస్తున్నాయి. పగటి ఎండకు సాగి, రాత్రి చలికి ముడుచుకున్న గుర్తులవి, రోజుకొకటి. వాటిని లెక్కపెట్టే సోదమ్మ తేదీలు చెబుతుంది. గోదాములో పడి ఉన్న ఇరవై రెండేళ్లూ బరువేమీ లేకుండా గడిచిపోవడానికి రెండు గంటలు పట్టింది. గుమస్తా ఒక కునుకు తీశాడు. తర్వాత తెర మీద ఒక నిలువు గీత లేచింది. కొక్కెం విరిగిన రోజు అది. పక్కన అంకె పడింది, ముప్పై నాలుగు.

కనకం లేచి నిలబడింది. ఈ క్షణాన్ని కొన్ని వేల సార్లు ఊహించుకుని ఉంటుంది.

"ముప్పై నాలుగు టన్నులు. క్రేను శక్తి నలభై. మా నాన్న ఆ రోజు ఆరు టన్నులు తక్కువే ఎత్తాడు. ఈయన రాసింది పచ్చి అబద్ధం."

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే నూకరాజు ఎక్కువెత్తనేదా?"

"ఎత్తలేదత్తా."

"ఒలమ్మ, ఎంతెంత మాటలన్నాను ఆడిని," అని ఆవిడ తల పట్టుకుంది.

కనకం చూసింది మాత్రం విశ్వపతిరావు వైపు. ఆ ముఖం మాడిపోతే చూడాలని ఇరవై రెండేళ్లుగా కాచుక్కూర్చుంది. అది మాడలేదు. ఆయన నెమ్మదిగా కర్ర మీద చేతులు మార్చుకున్నాడు.

"నేను పొరపాటు పడ్డాను. రాతపూర్వకంగా ఒప్పుకుంటాను. కోర్టు అడిగింది ఆ ఒక్కరోజు సంగతే కదా, అది తేలిపోయింది. ఇక ఆపించండి," అన్నాడు.

పగ పట్టినవాళ్లకు శత్రువు తొందరగా లొంగిపోతే తిన్నది అరగదు. 'పొరపాటు' అన్న ఆ ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడానికి కనకం సిద్ధంగా లేదు.

"అప్పుడే ఏమైంది? ప్రతి ఏడూ కొక్కేనికి యాభై టన్నులు వేలాడదీసి, నోరు సాగిందేమో కొలిచి, బాగుందని మీరు సంతకం పెట్టాలి. అన్నేళ్లూ సంతకాలున్నాయి. ఆ యాభై టన్నుల మచ్చలు కూడా లోపల ఉండాలి కదా. చూద్దాం ఉన్నాయో లేదో."

"వద్దమ్మా. నీ మంచికే చెబుతున్నాను."

"నా మంచి మీకు ఎప్పటి నుంచి పట్టింది? కానియ్ రమీజా."

అసిరమ్మ లేచింది. మధ్యాహ్నం బండి తీయాలట. వెళ్తూ వెళ్తూ కనకం రెండు చేతులూ పట్టుకుంది. "మీ నాన్న కాళ్లట్టుకుంటానని సెప్పు. కాదు, నానే ఎల్లి అట్టుకుంటాను," అంటూ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. గుమస్తా కూడా ఆ రోజు అంకె వరకు రాసుకుని, సంతకాలు చేయించుకుని భోజనానికి పోయాడు. మిగిలింది ముగ్గురే.

సోదమ్మ వెనక్కి నడుస్తోంది. ఇరవై, ముప్పై, ముప్పై ఐదు, రోజువారీ బరువులు. నూట ఇరవై ఎనిమిది రోజులు వెనక్కి పోయాక గీత ఒక్కసారి పైకి లేచి తెర అంచును తాకింది. అరవై ఆరు.

"ఇదేంటి మేడమ్? యంత్రం తప్పా?" అంది రమీజా.

"కాదు. చదవనీ."

ఇంకా మూడు వందల ఎనభై నాలుగు రోజుల వెనక, అరవై. అక్కడి నుంచి మూడు వందల యాభై నాలుగు రోజుల వెనక, యాభై నాలుగు. మళ్లీ మూడు వందల యాభై నాలుగు, నలభై ఎనిమిది.

రమీజా వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఏడాదికోసారి పడుతోంది గాని తేదీ కుదరడం లేదు మేడమ్. మా పండగలైతే ఏటా పది పదకొండు రోజులు వెనక్కే పోతాయి. ఇది ఒకోసారి వెనక్కి పోతోంది, ఒకోసారి పంతొమ్మిది రోజులు ముందుకొస్తోంది."

కనకం పెన్ను తీసి ఆ రోజులను మళ్లీ లెక్కవేసింది. వెనక్కి పోతూ, అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకేది తిథి ఒక్కటే. ఇనుము ఇంగ్లీషు తేదీలు కాకుండా పంచాంగం చెబుతోంది. అవి దసరాలు.

ఆయుధపూజ రోజు యార్డులో క్రేనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక మొదటి ఎత్తు ఒకటి ఎత్తేవారు. దాన్ని పండగెత్తు అనేవారు. నలభై అని రాసుంటే అరవై మోస్తుంది, రాసే ఇంజనీర్లు పిరికోళ్లు అని నవ్వుకునేవారు. ఎక్కువ బరువు పడితే క్రేనును ఆపేసే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఆ పూటకు కొబ్బరితాడుతో కట్టేసేవారు. ఆ పండగెత్తుకు నూకరాజు పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. ఆ కొక్కెం బిగించిన ఏడే ఆయనకు కూతురు పుట్టింది. అందుకని కూతురికి ఎన్నేళ్లు నిండితే అన్ని ఇనుప పలకలు ఎత్తేవాడు. ఒక్కో పలక ఆరు టన్నులు.

కనకానికి అన్నీ గుర్తున్నాయి. పట్టు పరికిణీ కట్టుకుని పైన క్యాబిన్‌లో తండ్రి ఒళ్లో కూర్చునేది. లివరు మీద తన చెయ్యి, తన చెయ్యి మీద నాన్న చెయ్యి. కింద దాలయ్య మావయ్య పలకలకు గొలుసులు కడుతూ గట్టిగా లెక్కపెట్టేవాడు. "పదీ, పదకొండూ. మా కనకానికి పదకొండు." అందరూ చప్పట్లు కొట్టేవారు. తన బతుకులో మంచి రోజులేవంటే అవే. వాటి బరువెంతో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, పెద్దయ్యాక ఆ పిల్ల అడగనూ లేదు.

తెర మీద మెట్లు దిగుతున్నాయి. నలభై రెండు, ముప్పై ఆరు, ముప్పై. చిట్టచివర ఆరు, మొదటి పుట్టినరోజు దాటిన దసరా. యాభై టన్నుల పరీక్ష మచ్చ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ఉక్కు హద్దు యాభై ఎనిమిదని సోదమ్మే లెక్కకట్టి పక్కన చూపించింది. పదో ఏట ఆ హద్దు దాటారు. పదకొండో ఏట చీల్చేశారు. తర్వాత నాలుగు నెలలు రోజువారీ బరువులే ఆ చీలికను కాస్త కాస్త తెరుస్తూ వచ్చాయి.

రమీజా మంచినీళ్ల సీసా అక్కడ పెట్టి బయటికి వెళ్లింది.

"నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు విశ్వపతిరావు. "విరిగిన చోట కొంతమేర నల్లగా ఉంది, కొంతమేర తెల్లగా మెరుస్తోంది. నలుపంతా పాత చీలిక. అది రాస్తే పండగెత్తు సంగతి రాయాలి. పండగెత్తుకు కొబ్బరికాయ కొట్టింది నేనే. నీ నోట్లో లడ్డూ పెట్టింది కూడా నేనే. క్రేను ఒకరోజు ఆపడం దండగని పరీక్షలు మానేసి సంతకాలు పెట్టిందీ నేనే. అందుకని నేరమంతా ఆ ఒక్కరోజు మీద తోసేశాను."

"మా నాన్న మీద తోశారు."

"మీ నాన్న ఒప్పుకున్నాడమ్మా. పండగెత్తు మాట ఎక్కడా రాయొద్దని ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఎందుకో ఇంటికెళ్లి ఆయన్నే అడుగు." ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఇప్పుడు విను. గుమస్తా రాసుకుంది ముప్పై నాలుగు వరకే. చదివిన పొరలు దుమ్మైపోయాయి. మిగిలినవి నీ కంప్యూటర్లో గీతలు, అంతే. చెరిపేయ్. కొక్కెం పోత పోసినప్పుడే లోపముందని రాయి. మీ నాన్న కడిగిన ముత్యం. నేను పొరపాటు ఒప్పుకుని మర్యాదగా ఇంట్లో కూర్చుంటాను."

"చెరపకపోతే?"

"అప్పుడు నన్ను ముంచుతావు, నిజమే. కాని పదకొండు పలకలు ఎందుకు వేశారని అడుగుతారు. ఎవరి వయసుకు వేశారని అడుగుతారు. లివరు మీద ఎవరి చెయ్యి ఉందని అడుగుతారు. రాయగలవా?"

విశ్వపతిరావు అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆయన నవ్వాడు. నువ్వూ నాలాంటిదానివే అన్నట్టు, లెక్క సరిపోయినట్టు నవ్వాడు.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవద్దని పెద్దలు చెబుతారు. కనకానికి ఆ సామెత తెలుసు. తెలిసే కంప్యూటరు ముందు కూర్చుంది. ఆయన చూస్తుండగానే రాసింది. పండగెత్తు గురించి రాసింది, బరువులు రాసింది, కట్టేసిన మీట సంగతి రాసింది. చేయని పరీక్షలకు పెట్టిన సంతకాల తేదీలు ఒక్కటీ వదలకుండా రాసింది. క్రేను నడిపినవారు అన్నచోట నూకరాజు పేరు రాసి, దాని పక్కన, ఆయన ఒళ్లో కూర్చుని లివరు మీద చెయ్యి వేసిన కూతురు కనకమహాలక్ష్మి, వయసు పదకొండు అని రాసింది. కింద సంతకం పెట్టి కోర్టుకు పంపేసింది.

విశ్వపతిరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేవబోయి కర్ర జారవిడిచాడు. కనకం వంగి తీసి ఇవ్వలేదు. ఆయన గోడ పట్టుకుని గుమ్మం దాటుతుంటే కళ్లారా చూసింది. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. అయితే ఆ హాయి బస్సెక్కి ఇంటి మలుపులో దిగేవరకే నిలిచింది.

నూకరాజు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా స్టీలు డబ్బా, అందులో వేడి ఇడ్లీలు. మూత తీసి ఉంది, ఒక్కటీ ముట్టుకోలేదు.

"అసిరమ్మొచ్చింది. కాళ్ల మీద పడిపోనాది. నెగు అన్నా నెగనేదు," అన్నాడు కూతురి ముఖం చూడకుండా. "ఎందాకా సదివించినావు?"

"మొదటిదాకా."

"ఆరు టన్నుల కాడికా?"

"ఆ."

నూకరాజు డబ్బా మూత మెల్లగా పెట్టాడు. "నీకు తెలీకూడదనే ఆ ఇంజనీరు రాసిందానికి తలూపినాను. పదకొండేళ్ల గుంటవి. ఈ గుంట పండక్కే నలుగురు సచ్చారంటే నువ్వు బతుకుదువేటి? జనం నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నారు. నాను పడ్డాను." మోకాలు నిమురుకున్నాడు. "కాయితంలో ఏటి రాసినావు?"

"జరిగిందంతా రాశాను."

"నీ పేరుందా?"

"ఉంది."

"సంతకం కాడేనా?"

"రెండు చోట్లా ఉంది నాన్నా."

నూకరాజు కళ్లు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లలో కూతురి మీద కోపంగా చూడడం అదే మొదలు. "ఆడి మీద పగ తీర్సుకున్నావు. బాగుంది. మరి నా ఇరవై రెండేళ్లు ఏటి సేసినావే? గంగలో కలిపీసినావు."

కనకం తండ్రిని కాపాడుతున్నాననుకుంటూ, తండ్రి తనకోసం కాపాడుకున్న ఒకే ఒక్కదాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కుని తగలబెట్టింది. మళ్లీ ఆ పొద్దు వెనక్కొచ్చినా, ఆ నవ్వు ముందు అదే పని చేస్తుంది. అందుకే క్షమించమని అడగలేదు.

నూకరాజు గోడ పట్టుకుని లేచి, ఇడ్లీ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "నడు."

"ఎక్కడికి?"

"అసిరమ్మ కాడికి. కోర్టు కాయితం కన్నా ముందు మనమెల్లాల. నిజం సెప్పకుండా ఆవిడి సేతి తిండి నాకు దిగదు."

రెండు వీధులు నడవడానికి ఆ మోకాలితో అరగంట పట్టింది. బండి దగ్గర సాయంత్రపు జనం ఇంకా రాలేదు. నూకరాజును చూసి అసిరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. బండి కింద నుంచి స్టూలు లాగి, దులిపి, ఆయన ముందు వేసింది.

నూకరాజు కూర్చోలేదు. డబ్బా స్టూలు మీద పెట్టి, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు. కనకం పక్కనే నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగింది.